రంగు కింది పని

చెన్నై

ప్రియమైన పిల్లలూ,

అటక మీద దొరికిన ఆ చిన్న డైకాస్ట్ బొమ్మ కారును (అంటే లోహాన్ని అచ్చులో పోతపోసి చేసినదాన్ని) మళ్ళీ కొత్తదానిలా చెయ్యాలని ఉందనీ, ముందు ఏ రంగు డబ్బా కొనాలో చెప్పమనీ అడిగారు. రంగు డబ్బా చివర కొందురుగాని. ఈ పనిలో రంగు కొట్టేది మహా అయితే అరగంట. అది అద్దంలా నిలబడుతుందా, పెచ్చులుగా ఊడుతుందా అన్నది అంతకు ముందు వారం రోజులు చేసిన పనిమీదే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం రంగు కిందిదాని గురించే.

ముందు ఒక ప్రశ్న. ఆ కారును అసలు ముట్టుకోవాలా? ఇంగ్లండు కంపెనీలు డింకీ, కోర్గీ చేసిన పాత బొమ్మ కారు అసలు రంగుతో, అట్టపెట్టెతో దొరికితే, అక్కడక్కడా రంగు రాలినా సరే, దుమ్ము తుడిచి దాచండి. సేకరించేవాళ్ళు ఆ పాత రంగుకే విలువ కడతారు, ఒకసారి ఊడదీస్తే అది తిరిగి రాదు. డింకీ వాళ్ళ పాత అచ్చులు కొన్ని కలకత్తా వచ్చి, ఇక్కడ నిక్కీ పేరుతో బొమ్మలయ్యాయి. అవి దొరికినా అంతే. రంగు సగానికి పైగా పోయి, చక్రాలు ఊడి, ఇంతకు ముందే ఎవరో బ్రష్షుతో ఇంటి తలుపుల రంగు పూసిన కారైతే నిస్సంకోచంగా విప్పండి.

విప్పే ముందు భూతద్దం పెట్టి లోహాన్ని చూడండి. ఈ కార్లు ఇనుము కాదు. జింకులో సుమారు 4 శాతం అల్యూమినియం, కొద్దిగా రాగి కలిపిన మిశ్రమం. పోతపోసేటప్పుడు అందులో సీసం కాస్త కలిసినా, ఏళ్ళు గడిచేకొద్దీ లోహం లోపలి నుంచి ఉబ్బి, సన్నటి పగుళ్ళు పారి, చివరికి బిస్కెట్టులా విరిగిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వచ్చిన బొమ్మల్లో ఇది ఎక్కువ. దీనికి మందు లేదు. రంగు పొర కింద సాలెగూడులాంటి పగుళ్ళు కనబడితే, ఆ కారును అలాగే అద్దాల బీరువాలో పెట్టండి.

ఇక కొలతలు. ఈ బొమ్మలకు వాడే 1:43 కొలత అంటే అసలు కారు కొలతను 43తో భాగించడం, అంతే. మన ఊరి బండినే తీసుకుందాం, స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చింది. ఆకారం గీసింది ఇటలీకి చెందిన మికెలోత్తి. 1961 నుంచి మద్రాసులో తయారైంది. దాని పొడవు సుమారు 3,886 మి.మీ., అంటే 1:43లో 90 మి.మీ. ముందు చక్రం ఇరుసుకీ వెనక చక్రం ఇరుసుకీ మధ్య దూరం 2,324 మి.మీ., అంటే 54. దొరికిన బొమ్మను స్కేలుతో కొలిచి ఈ రెండూ సరిపోతున్నాయో లేదో చూసుకోండి. ఇంగ్లండు హెరాల్డ్‌కి రెండు తలుపులే. నాలుగు తలుపుల హెరాల్డ్ 1968లో మన దేశంలోనే వచ్చింది. కాబట్టి విదేశీ బొమ్మను మద్రాసు కారుగా మార్చాలంటే, పాత తలుపు గీతను పుట్టీతో పూడ్చి కొత్తవి రెండు గీయాలి. ఎలక్ట్రికల్ టేపు రెండు మూడు పొరలు అంటించి, దాని అంచునే ఆసరాగా చేసుకుని, బ్లేడు వెనకవైపుతో గీస్తే గీత వంకర పోదు.

విప్పడం రివెట్ల దగ్గర మొదలవుతుంది. కారు అడుగున గుండ్రంగా అణిచినట్టు కనబడేవి విడి రివెట్లు కావు. పైబాడీతో పాటు పోతపోసిన స్తంభాలే, వాటి తలను అణిచి రేకును పట్టించారు. తల మాత్రమే తొలిచెయ్యాలి, స్తంభం మిగలాలి. నడిమధ్యన పంచ్‌తో చిన్న గుంట కొట్టండి, లేకపోతే డ్రిల్ బిట్ జారి అడుగు రేకును గీరేస్తుంది. ముందు 1.5 మి.మీ. బిట్‌తో కొంచెం, తర్వాత స్తంభం కంటే కాస్త లావు బిట్‌తో, సాధారణంగా 4 మి.మీ., నెమ్మదిగా తిప్పండి. తల ఉంగరంలా తెగి బిట్‌కి చుట్టుకోగానే ఆపండి. ఇక్కడ తొందరపడితే స్తంభం మొదలంటా పోతుంది, తిరిగి బిగించడానికి ఏమీ మిగలదు. కళ్ళకు రక్షణ అద్దాలు పెట్టుకునే చెయ్యండి, పక్కన పెద్దవాళ్ళు ఉండాలి.

అదే స్తంభంలో 1.6 మి.మీ. బిట్‌తో 6 మి.మీ. లోతు రంధ్రం చేసి, ఎం2 ట్యాప్‌తో, అంటే రంధ్రం లోపల మర కోసే 2 మి.మీ. పనిముట్టుతో, మర తియ్యండి. ఒక చుక్క నూనె వేసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పాలి. ఆ వెనక్కి తిప్పడం మానేస్తే రజను ఇరుక్కుని ట్యాప్ లోపలే విరుగుతుంది. విరిగిన ట్యాప్‌ను బయటికి తియ్యడం దాదాపు అసాధ్యం. ఇక కారును ఎన్నిసార్లైనా చిన్న స్క్రూతో విప్పి బిగించుకోవచ్చు. ట్యాప్, బిట్లు ప్యారీస్ కార్నర్ హార్డ్‌వేర్ కొట్లలో దొరుకుతాయి. సన్నటి పట్టకార్లు, కటింగ్ ప్లేయర్లు రిచీ స్ట్రీట్‌లో చూడండి, ఎలక్ట్రానిక్స్ వాళ్ళు వాడేవే మనకూ సరిపోతాయి.

ఇరుసు తుప్పు పట్టి ఉంటే దాని మందం కొలవండి. 2 మి.మీ. అయితే సైకిల్ స్పోక్ ముక్క చక్కగా సరిపోతుంది. విప్పిన ప్రతి మెట్టులోనూ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. వారం తర్వాత సీటు ఎటు తిరిగి ఉండేదో ఎవరికీ గుర్తుండదు.

పాత రంగు ఊడదీయడం పెద్దవాళ్ళ పని, ఆరుబయట చెయ్యాల్సిన పని. అద్దం, సీటు, టైరు, ఇలా ప్లాస్టిక్, రబ్బరు అన్నది ఏదీ లోపల మిగలకూడదు. గాజు సీసాలో అసిటోన్ పోసి, మూత బిగించి, రాత్రంతా నానబెడితే చాలా కార్ల రంగు పొరలుగా వస్తుంది. దగ్గర్లో దీపం, పొయ్యి, అగరొత్తి ఏవీ ఉండకూడదు. కొలిమిలో కాల్చి గట్టిపరచిన పాత ఎనామెల్ దానికి లొంగకపోతే పెయింట్ రిమూవర్ జెల్ వాడాలి, అదీ పెద్దవాళ్ళ చేతులతోనే. కాస్టిక్ సోడా, వెనిగర్ చిట్కాలు ఎవరైనా చెబితే వద్దనండి. ఆమ్లమూ క్షారమూ రెండూ జింకును తినేస్తాయి, పైన నల్లటి గరుకు మిగులుతుంది. మూలల్లో మిగిలిన రంగును ఇత్తడి బ్రష్షుతో తొలగించండి. ఉక్కు బ్రష్షు గీతలు పెడుతుంది.

ఇప్పుడు చేతిలో ఉన్న బోసి లోహం మీదే అసలు శ్రద్ధ చూపాలి. పోత అచ్చు రెండు భాగాలు కలిసిన చోట సన్నటి గట్టు ఉంటుంది. దాన్ని సన్నటి ఆకురాయితో దించండి. సొట్టలకు ఎంసీల్ రెండు ముద్దలూ సమంగా కలిపి అద్ది, మర్నాడు నున్న చెయ్యండి. పెయింటర్లు వాటర్ పేపర్ అనే నీటి ఉప్పుకాగితం 400 నంబరుతో మొదలుపెట్టి 600తో ముగించండి. ఇంతకంటే నున్నగా చెయ్యకండి, రంగుకు ముందు వేసే తొలిపూతకి, అంటే ప్రైమర్‌కి, పట్టు దొరకదు.

తర్వాత తలుపుల గీతలు. ఇది ఎందుకో లెక్క చూడండి. ప్రైమర్, రంగు, పైపూత అన్నీ కలిసి 0.1 మి.మీ. మందం అయిందనుకోండి. 1:43లో అది అసలు కారు మీద 4.3 మి.మీ. మందం పూసినట్టు! తలుపు సందు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది, కాబట్టి పూర్తిగా పూడిపోతుంది. ప్రైమర్‌కు ముందే బ్లేడు వెనకవైపుతో ప్రతి గీతనూ మూడు నాలుగు సార్లు తేలిగ్గా లాగి లోతు చెయ్యండి. గట్టిగా ఒక్కసారి లాగితే చెయ్యి జారి బానెట్ మీద గీత పడుతుంది.

ఆ తర్వాత గిన్నెల సబ్బు, పాత టూత్ బ్రష్షుతో కడిగి, బాగా ఆరనిచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక వేలు తగలనివ్వకండి. తలకు రాసుకున్న కొబ్బరినూనె చేతికి అంటినా చాలు, రంగు అక్కడ నిలవకుండా చేపకన్నులా గుండ్రంగా విడిపోతుంది. లోపలివైపు ఒక పుల్ల అంటించి, దాన్నే పట్టుకోండి.

ప్రైమర్ లేకుండా జింకు మీద నూనె ఎనామెల్ కొట్టడం చాలామంది చేసే తప్పు. ఎనామెల్‌లోని నూనె జింకుతో కలిసి సబ్బులాంటి పొర తయారవుతుంది. మొదట్లో మెరుస్తుంది, కొన్ని నెలలకు గోటితో గీకితే ఊడివస్తుంది. కార్ల పెయింట్ కొట్లలో ఎచ్ ప్రైమర్ అడగండి. అది లోహాన్ని కొంచెం కొరికి పట్టుకుంటుంది. జనరల్ ప్యాటర్స్ రోడ్డు వైపు వెళ్ళినప్పుడు చూడండి.

ఇక మన చెన్నై గాలి సంగతి. లాకర్ అనే, త్వరగా ఆరే రంగు కొట్టగానే అందులోని థిన్నర్ వేగంగా ఆవిరవుతూ కారు పైభాగాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే, చల్లటి గ్లాసు మీద చెమర్చినట్టు ఆ రంగు మీద నీరు చేరి, ఆరాక తెల్లటి మసకగా మిగులుతుంది. ఎండ చూసి మోసపోకండి, మండే ఎండలోనూ సముద్రపు గాలి తేమను మోసుకొస్తుంది. పొద్దున్నే తేమ ఎక్కువ, మధ్యాహ్నం సముద్రపు గాలి తగిలాక మళ్ళీ పెరుగుతుంది. ఆ రెండింటి నడుమ, పదీ పదకొండు ప్రాంతంలో కొట్టుకోండి. చిన్న తేమ మీటరు ఒకటి గదిలో ఉంచి, 70 శాతం దాటితే ఆ రోజుకు మానెయ్యండి. తమిళ నెలలు ఐప్పసి, కార్తిగై (అక్టోబరు నడుమ నుంచి డిసెంబరు నడుమ దాకా) వానల్లో ఆకురాయి పనులే చేసుకోండి. మసక వచ్చేసిందా, కంగారుపడకండి. పొడి రోజున అదే లాకర్ థిన్నర్‌ను అతి పల్చగా, ఒక్క పొర చల్లితే చాలాసార్లు పోతుంది.

కొట్టే విధానం ఇది. స్ప్రే డబ్బాను రెండు నిమిషాలు ఊపండి. 20 నుంచి 25 సెం.మీ. దూరం. కారుకు ఇవతల నొక్కడం మొదలుపెట్టి, అవతల దాటాక వదలండి. కారు మీదే మొదలుపెడితే మొదటి చుక్కలు దాని మీదే పడతాయి. మొదటి పొర కింది ప్రైమర్ కనబడేంత పల్చగా ఉండాలి. పది నిమిషాలు ఆగి రెండోది, మళ్ళీ ఆగి మూడోది. దగ్గర నుంచి కొడితే కారుతుంది; మరీ దూరం నుంచి కొడితే దారిలోనే సగం ఆరి, నారింజ తొక్కలా గరుకవుతుంది. కారితే వేలితో తుడవకండి, రెండు రోజులు ఆరనిచ్చి 1500 కాగితంతో సబ్బునీళ్ళలో దించండి. ఒక్క నియమం మరిచిపోవద్దు. లాకర్ మీద ఎనామెల్ వెయ్యొచ్చు గానీ ఎనామెల్ మీద లాకర్ వేస్తే కింది పొర ముడతలు పడి లేస్తుంది. ముక్కుకు ఆర్గానిక్ ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ ఉండాలి, గుడ్డ మాస్క్ రంగు తుంపరను కూడా సరిగా ఆపదు.

అద్దాలు బిగించడానికి సూపర్ గ్లూ ముట్టుకోకండి. దాని ఆవిరి గాలిలోని తేమతో కలిసి అద్దం మీద తెల్లటి మంచులా పేరుకుంటుంది, మన ఊళ్ళో మరీ త్వరగా. పారదర్శకంగా ఆరే ఫెవికాల్ చుక్క చాలు. గీతలు పడిన అద్దాన్ని 2000 కాగితంతో తడిపి రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుగు పెడితే చాలావరకు తేరుకుంటుంది. మెత్తటి పీవీసీ టైర్లు ఏళ్ళ తరబడి ప్లాస్టిక్ రిమ్ముకు ఆనుకుని ఉంటే, టైరులోని నూనెలాంటి పదార్థం బయటికి వచ్చి రిమ్మును కరిగిస్తుంది. ప్లంబర్లు వాడే తెల్లటి టెఫ్లాన్ టేపు ఒక చుట్టు రిమ్ముకు చుట్టి టైరు ఎక్కించండి.

కారు జోలికి పోకముందు, వంటింట్లో అమ్మను అడిగి పనికిరాని స్టీలు చెంచా ఒకటి తీసుకోండి. దాని వీపు అచ్చంగా బానెట్ వంపులా ఉంటుంది. దాన్ని 600 కాగితంతో రుద్ది, కడిగి, ప్రైమర్, రంగు అన్నీ దాని మీద వెయ్యండి. వారం ఆగి గోటితో గీకి చూడండి. ఊడినా సరే, ఆ చెంచాను ఫోటో తీసి పంపండి. ఎక్కడ తేడా వచ్చిందో చూసి రాస్తాను.

మీ
తాతయ్య