బార్లు, పబ్బులు, మూసే వేళలు: విజయవాడ, గుంటూరుల్లో తరచూ వినిపించే అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు నగరాల్లో బార్లకు, రెస్టారెంట్లకు ఎక్సైజ్ లైసెన్సు కాగితాలు సిద్ధం చేయడం నా వృత్తి. మద్యం విధానం మారిన ప్రతిసారీ పాత నిబంధనలు, పక్క రాష్ట్రం నిబంధనలు, ఎవరో చెప్పిన మాటలు కలగాపులగమైపోతాయి. ఆ గందరగోళంలో నష్టపోయేది ఇంటి డబ్బంతా పెట్టుబడిగా పెట్టినవాళ్లు, తనిఖీ రోజున కౌంటర్‌లో నిలబడి ఉన్న కుర్రాళ్లు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: హైదరాబాద్‌లో వారాంతాల్లో ఒంటిగంట దాకా నడుపుతున్నారు, ఇక్కడ మనమూ నడపవచ్చు.

వాస్తవం: మద్యం రాష్ట్ర జాబితాలోని అంశం. 1968 నాటి ఎక్సైజ్ చట్టం రెండు రాష్ట్రాలకూ మూలమే అయినా, 2014 తర్వాత ఎవరి నిబంధనలు వారివి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2025 సెప్టెంబరు 1న మొదలైన బార్ విధానం ఉదయం 10 నుంచి రాత్రి 12 వరకు అనుమతిస్తోంది. శనివారమని అదనపు గంట ఏమీ లేదు. డిసెంబరు 31 రాత్రి సడలింపు ఇవ్వాలంటే ప్రభుత్వం విడిగా ఉత్తర్వు ఇవ్వాలి. అందులో ఏ తేదీ రాస్తే అది ఆ తేదీకే చెల్లుతుంది. మద్యం షాపులకు ఈ అర్ధరాత్రి లెక్క వర్తించదు, అవి రాత్రి 10కే మూయాలి.

చివరి ఆర్డరు రాత్రి పదకొండున్నరకే తీసుకోమని నేను ప్రతి యజమానికీ గట్టిగా చెబుతాను. పన్నెండుకు ఐదు నిమిషాల ముందు గ్లాసు నింపి ఇస్తే అతను ఎప్పుడు లేస్తాడు, మీరు ఎప్పుడు తాళం వేస్తారు? పైగా గిన్నెలు కడిగి, లెక్క చూసుకుని ఇంటికి వెళ్లాల్సిన పనివాళ్లు ఉంటారు.

అపోహ: బార్ 12 దాకా కాబట్టి, మేడ మీద పాటలూ 12 దాకా.

వాస్తవం: శబ్ద కాలుష్య నియమాలు 2000 నాటివి, వాటికీ బార్ లైసెన్సుకూ సంబంధం లేదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. నాలుగు గోడల మధ్య, శబ్దం బయటకు రాకుండా పెట్టుకోవడం వేరు, డాబా మీద పెట్టడం వేరు. పక్క అపార్టుమెంటులో పసిపిల్లలుంటారు, పరీక్షలకు చదువుకునేవాళ్లుంటారు. వాళ్ల ఫిర్యాదును వేధింపుగా చూడకండి.

అపోహ: లాటరీలో తగిలిన బార్ లైసెన్సును ‘గుడ్‌విల్’ పేరుతో కొంత డబ్బు తీసుకుని వేరేవాళ్లకు ఇచ్చేస్తే మన బాధ్యత తీరిపోతుంది.

వాస్తవం: నా అనుభవంలో కుటుంబాలను ఎక్కువగా ముంచేది ఈ నమ్మకమే. లైసెన్సు ఆస్తి కాదు, షరతులతో కూడిన అనుమతి. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఎవరు నడిపినా, లోపల ఏ తప్పు జరిగినా నోటీసు వచ్చేది కాగితం మీద పేరున్న మనిషికే. 5 లక్షల జనాభా దాటిన నగరాలు కాబట్టి విజయవాడ, గుంటూరుల్లో బార్ లైసెన్సు ఫీజు ఏడాదికి 75 లక్షల రూపాయల శ్లాబుతో మొదలవుతుంది. అంత బరువున్న కాగితం మీద, తాను ఒక్కరోజైనా అడుగుపెట్టని బార్ కోసం సంతకం చేసేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. కల్లు గీత వృత్తి చేసే గీత కులాలకు కేటాయించిన 10 శాతం బార్ల విషయంలో ఇది మరీ బాధాకరం. ఆ కుటుంబాలు వ్యాపారంలో నిలదొక్కుకోవాలని ఇచ్చిన రాయితీ ఎవరో సిండికేటు జేబులోకి పోయి, కేసు మాత్రం వాళ్ల పేరు మీద మిగలకూడదు.

అపోహ: జాతీయ రహదారికి 500 మీటర్ల లోపు బార్ ఉండకూడదు, కాబట్టి విజయవాడలో ఆ రహదారి మీదున్న బెంజి సర్కిల్ పరిసరాల్లోవన్నీ అక్రమమే.

వాస్తవం: అలా చెప్పిన సుప్రీంకోర్టు 2016 డిసెంబరు తీర్పు నిజమే. కానీ పురపాలక పరిధిలోని లైసెన్సులకు అది అడ్డు కాదని 2017లో సుప్రీంకోర్టే వివరణ ఇచ్చింది. బడి, గుడి వంటి వాటికి పాటించాల్సిన 100 మీటర్ల దూరం వేరే నిబంధన. దాన్ని గాలిలో గీసిన గీతగా కాక, మనిషి మామూలుగా నడిచి వెళ్లే దారి వెంట కొలుస్తారు. అద్దె ఒప్పందం రాసుకోకముందే టేపు పట్టుకుని నడవండి.

అపోహ: బార్‌లో ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకుంటే నేరం.

వాస్తవం: షాపులో నేరమే, ఒక్క రూపాయి ఎక్కువైనా. బార్‌లో కూర్చోబెట్టి వడ్డిస్తారు కాబట్టి మెనూ ధర వేసుకోవచ్చు.

అపోహ: ఎన్నికలప్పుడు షాపులు మాత్రమే మూస్తారు.

వాస్తవం: పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు హోటళ్లు, క్లబ్బులు, బార్లు అన్నీ మూయాల్సిందే. ప్రజాప్రాతినిధ్య చట్టం 135సి సెక్షను ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు.

ఇక వయసు మాట. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. గుంటూరు, విజయవాడ రెండూ కాలేజీల ఊళ్లు. ఇంజనీరింగ్ విద్యార్థుల్లో చాలామందికి ఇంకా ఆ వయసు రాదు. 18 నిండితే చాలనుకుని వచ్చిన పిల్లలను తలుపు దగ్గరే ఆధార్ చూసి ఆపాలి, లోపలికి వచ్చి కూర్చున్నాక కాదు.