నిపుణుడు ఎవరి మనిషి?

జావా అనే ప్రోగ్రామింగ్ భాష మీద ఒరాకిల్, గూగుల్ కోర్టుకెక్కిన కేసులో, 2012 ఆగస్టులో, శాన్‌ఫ్రాన్సిస్కో జడ్జి విలియం ఆల్సప్ ఎవరూ ఊహించని లెక్క ఒకటి అడిగారు. ఈ కేసు గురించి బయట రాస్తున్నవాళ్లలో మీ దగ్గర డబ్బు పుచ్చుకున్నవాళ్ల పేర్లివ్వమని రెండు కంపెనీలనూ ఆదేశించారు. ఒరాకిల్ ఫ్లోరియన్ ముల్లర్ పేరిచ్చింది. పేటెంట్ తగాదాలప్పుడు పత్రికలు తరచూ అభిప్రాయం అడిగిన వ్యాఖ్యాత ఆయన. లాయరు మాత్రం కాదు. ఒరాకిల్‌కు కన్సల్టెంటుగా చేస్తున్నానని ఆ ఏప్రిల్‌లోనే తనే బయటపెట్టుకున్నారు. గూగుల్ మొదట, రాయమని మేమెవరికీ ఇవ్వలేదంది. మళ్లీ చూసి చెప్పమని జడ్జి పట్టుబట్టాక కొన్ని పేర్లు వచ్చాయి.

మన దగ్గర అలా ఆరా తీయడానికి చట్టం ఆసరా లేదు. లాబీయింగ్, అంటే కంపెనీల తరఫున ప్రభుత్వం దగ్గర పైరవీ, చేసేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలన్న చట్టం ఇప్పటికీ రాలేదు. అదే 2012 డిసెంబరులో వాల్‌మార్ట్ లాబీయింగ్ ఖర్చు మీద మన పార్లమెంటు అట్టుడికింది. ఆ లెక్క దొరికింది ఎక్కడ? అమెరికా సెనేట్‌కు ఆ కంపెనీ సమర్పించిన కాగితాల్లో. మనింటి సంగతి పరాయివాళ్ల రికార్డు చూసి తెలుసుకున్నామన్నమాట.

ఎవరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారన్న ఈ ప్రశ్న బెంగళూరులో ఊపందుకున్నది నెట్ న్యూట్రాలిటీ గొడవతో. ఇంటర్నెట్‌లో అన్ని సైట్లనూ, సేవలనూ ఒకేలా చూడాలన్నదే నెట్ న్యూట్రాలిటీ. ఇంటర్నెట్ కాల్స్‌కు వేరే చార్జీ వేస్తామని 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ప్రకటించింది. 2015 మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చర్చాపత్రం వేస్తే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ఆ ఏడాది చివర్లో ఫేస్‌బుక్, ఎంపిక చేసిన కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపించే తన ఫ్రీ బేసిక్స్ కోసం పత్రికల్లో నిండు పేజీ ప్రకటనలు గుప్పించింది, తన వాడకందార్ల చేత ఒకే నమూనా సందేశాలు ట్రాయ్‌కు పంపించింది. మేమడిగిన ప్రశ్నలకు వీటిలో జవాబుల్లేవని ట్రాయ్ తేల్చేసింది. 2016 ఫిబ్రవరి 8న డేటాకు వివక్షతో కూడిన ధరలు చెల్లవని నిబంధన తెచ్చింది.

ఆ పోరులో ఈ ఊరంతా ఇంచుమించు ఒకే జట్టు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు, స్టార్టప్ యజమానులు, పెట్టుబడిదారులు, చివరికి ఇన్ఫోసిస్ సహవ్యవస్థాపకుడు నందన్ నీలేకని కూడా ఫ్రీ బేసిక్స్ వద్దన్నవాళ్లే. మీకూ ఇందులో లాభం ఉంది కదా అని అవతలివాళ్లు ఎత్తిపొడిచారు. ఉంది, ఎందుకు లేదు? ఫేస్‌బుక్ గేటుకీపరై కూర్చుంటే స్టార్టప్‌లకు నష్టమే. లాభం ఉన్నంత మాత్రాన వాదన తప్పైపోదు, కాకపోతే ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. గెలిచిన ఉత్సాహంలో ఆ పట్టింపు ఎవరికీ లేకపోయింది. ఏడాది దాటేసరికి ఆ నిర్లక్ష్యానికి మూల్యం తెలిసొచ్చింది.

ఎందుకంటే తర్వాతి తగువు ఆధార్. 2009లో ఆధార్ జారీ చేసే యూఐడీఏఐ పుట్టాక దాని టెక్నాలజీ కేంద్రం బెంగళూరులోనే వెలసింది. అక్కడ పనిచేసినవాళ్లు, వాళ్లతో చేతులు కలిపినవాళ్లు కొందరు ఐస్పిర్ట్‌లో కనిపిస్తారు. ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్‌తో పొసగక 2013లో సాఫ్ట్‌వేర్ ఉత్పత్తి కంపెనీల తరఫున మొదలైన సంస్థ అది. తమను తాము వలంటీర్లమని చెప్పుకుంటారు. 2015లో సాఫ్ట్‌వేర్ పేటెంట్ల మార్గదర్శకాలను ఎదిరించినవాళ్లలో ఐస్పిర్ట్ ఉంది, అప్పుడు ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాళ్లకు మిత్రపక్షం. ఆధార్ దగ్గరికొచ్చేసరికి నిన్నటి మిత్రులు ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నారు.

2017 మే నెల ఈ కథలో కీలకం. బెంగళూరులోని పరిశోధన సంస్థ సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక వేసింది. నాలుగు ప్రభుత్వ పోర్టల్స్‌లో 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేలా పడి ఉన్నాయని అందులో తేల్చారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల పేజీ ఒకటి, చంద్రన్న బీమా ఇంకోటి. అంటే ఉపాధి కూలీల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు బట్టబయలుగా ఉన్నాయి. నివేదిక రాసిన ఇద్దరిలో ఒకరు తెలుగు పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి. దీనికి రావాల్సిన మొదటి ప్రశ్న ఆ పేజీలు ఎందుకు తెరిచి ఉన్నాయని. వచ్చిన ప్రశ్నలు వేరు: ఎలా చూశారు, హ్యాక్ చేసిందెవరు, మీ వెనక ఎవరున్నారు? ఆ సంస్థ తన దాతల వివరాలు ప్రచురిస్తూనే వస్తోంది. అయినా ‘విదేశీ డబ్బు’ అన్న మాట ఆగలేదు. నంబర్లు తెరిచి ఉంచిన శాఖలను నిలదీసినవాళ్ల సంఖ్య అందులో పదోవంతు ఉంటుందనుకోను.

అదే నెలలో, ఆధార్ విమర్శకులను ట్విట్టర్‌లో వెంటాడుతున్న ఒక మారుపేరు ఖాతా వెనక ఎవరున్నారో టెక్ సభలు నడిపే హ్యాస్‌గీక్ వ్యవస్థాపకుడు కిరణ్ జొన్నలగడ్డ బయటపెట్టారు. ఐస్పిర్ట్ సహవ్యవస్థాపకుడు శరద్ శర్మ ఆ ట్వీట్లకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. విమర్శకుడి నిష్పాక్షికతను ప్రశ్నించేవాడు సొంత పేరు దాచుకున్నాడు. ఇంతకంటే వింత ఏముంటుంది!

అర్హత గొడవ కూడా అప్పుడే ముదిరింది. ఇక్కడి సభల్లో ప్రశ్నల వేళ వచ్చేసరికి, మారతహళ్లి నుంచో వైట్‌ఫీల్డ్ నుంచో ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చిన మన ఇంజనీరు ఒకాయన లేచి, “సార్, మీరెప్పుడైనా ప్రొడక్షన్‌లో కోడ్ పెట్టారా?” అంటారు, అంటే జనం నిజంగా వాడే సాఫ్ట్‌వేర్ రాశారా అని. వేదిక మీది లాయరమ్మ, “మీరు ఆధార్ చట్టం ఒక్కసారైనా చదివారా అండీ?” అని తిప్పికొడతారు. చప్పట్లు ఇద్దరికీ పడతాయి. విషయం మాత్రం అక్కడే ఆగిపోతుంది. ఆధార్ మీద సుప్రీంకోర్టుకు 2012లో వెళ్లిన కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి. అప్పటికి వయసు 86. సర్వర్ల గురించి ఆయన్ని పరీక్ష పెడితే ఏమయ్యేదో కానీ, గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పింది ఆయన పిటిషన్ మీదే. డిగ్రీ అడగడం తప్పని కాదు. సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చే ఎన్‌క్రిప్షన్ ఎలా పనిచేస్తుందో చెప్పేవాళ్లకు అది తెలిసుండాలి. హక్కుల గురించి మాట్లాడేవాళ్లను ఆ గీటురాయి మీదే రుద్దితేనే చిక్కు.

కమిటీల మీదా ఇదే అనుమానం. డేటా రక్షణ చట్టం కోసం 2017 జులైలో కేంద్రం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీలో యూఐడీఏఐ సీఈఓ ఒక సభ్యుడు. ఆధార్‌ను విమర్శించేవాళ్లకు చోటేదని ప్రశ్నలొచ్చాయి. 2019లో వ్యక్తిగతం కాని డేటా మీద కమిటీ వేసి, ఇన్ఫోసిస్ సహవ్యవస్థాపకుడు క్రిస్ గోపాలకృష్ణన్‌ను అధ్యక్షుణ్ని చేశారు. పరిశ్రమ తెలిసినవాళ్లు కావాలి, నిజమే. తెలిసినవాళ్లందరికీ ఎక్కడో ఒకచోట వాటా ఉండే ఊరు ఇది. వాటా ఉన్నవాణ్ని కూర్చోబెట్టొద్దనడం కంటే, కూర్చునేముందు వాటా చెప్పమనడం న్యాయం.

మిగతా రంగాల్లో ఈ మర్యాద ఎప్పుడో రూలైపోయింది. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2014 నిబంధనల ప్రకారం ఒక షేరు మీద సిఫార్సు చేసే రీసెర్చ్ అనలిస్టు తనకు అందులో వాటా ఉందో లేదో చెప్పి తీరాలి. డబ్బు తీసుకుని ఫేస్‌క్రీము పొగిడే ఇన్‌ఫ్లుయెన్సర్ ఆ మాట చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ మార్గదర్శకాలిచ్చింది. జనాన్ని తప్పుదారి పట్టిస్తే జరిమానా 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. కోట్లమంది డేటా మీద చట్టం ఎలా ఉండాలో వ్యాసం రాసేవారికి ఆ బాధ లేదు. వ్యాసం కింద ‘రచయిత బెంగళూరుకు చెందిన విధాన విశ్లేషకులు’ అని ఒక లైను వేస్తే సరిపోతుంది. ఏ కంపెనీకి సలహాదారో ఆ లైనులో పట్టదు కాబోలు.

రాసేవాళ్లు చెప్పకపోయినా, కాగితాలు బయట ఉంటే చదివేవాళ్లే పట్టుకోగలరు. ట్రాయ్ ఈ విషయంలో మేలు: చర్చాపత్రం మీద ఎవరేం రాశారో, దానికి ఎదురు జవాబు ఎవరిచ్చారో అన్నీ ప్రచురిస్తుంది. ఒక సంఘం లేఖలోని వాక్యం ఇంకో కంపెనీ లేఖలో అలాగే కనిపిస్తే ఓపికున్నవాడికి దొరుకుతుంది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ దారి వేరు. 2022 నవంబరులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు ముసాయిదా పెట్టినప్పుడు, 2025 జనవరిలో దాని రూల్స్ ముసాయిదా పెట్టినప్పుడు, వచ్చిన అభిప్రాయాలను ఎవరికీ వెల్లడించబోమని ముందే చెప్పేసింది. నిర్భయంగా రాయడానికి అది తోడ్పడుతుందట. రూల్స్ 2025 నవంబరులో వచ్చేశాయి. ఎవరు ఏం అడిగారో, ఎవరి మాట నెగ్గిందో ఆ శాఖ ఫైళ్లు చూసినవాళ్లకే తెలుసు.