నంబరు చెరిగిన ట్రాన్సిస్టర్‌లో ఏ కాలు ఏది?

పాత రేడియోలోంచి తీసిన ట్రాన్సిస్టర్ మీద నంబరు చెరిగిపోతే దాని మూడు కాళ్లను (ఎమిటర్, బేస్, కలెక్టర్) ఎలా గుర్తించాలని ఒక పాఠకుడు అడిగారు. నంబరు ఉంటే చిక్కే లేదు. ఏసీ 128లో ‘ఏ’ దాన్ని తయారుచేసిన పదార్థమైన జర్మేనియానికి గుర్తు. బీసీ 107లో ‘బీ’ సిలికాన్‌కు. ట్రాన్సిస్టర్‌లో పీ, ఎన్ అనే రెండు రకాల పొరలు మూడు వరసగా ఉంటాయి, మధ్యది బేస్; ఆ వరసను బట్టి అది పీఎన్‌పీ లేదా ఎన్‌పీఎన్. జపాన్ పద్ధతిలో 2ఎస్ఏ, 2ఎస్‌బీ అంటే పీఎన్‌పీ. 2ఎస్‌సీ, 2ఎస్‌డీ అంటే ఎన్‌పీఎన్. ఓసీ 71 ఒంటి మీద ఎర్ర చుక్క ఉన్న వైపు కాలు కలెక్టర్.

నంబరు లేకపోతే మల్టీమీటర్‌ను డయోడ్ పరీక్షలో పెట్టండి. ఎర్ర తీగను ఒక కాలికి ఆనించి, నల్ల తీగతో మిగతా రెండింటినీ తాకినప్పుడు రెండు చోట్లా రీడింగ్ వస్తే, ఎర్ర తీగ ఉన్నది బేస్, రకం ఎన్‌పీఎన్. నల్ల తీగ కదలకుండా ఉన్నప్పుడు అలా వస్తే పీఎన్‌పీ. రీడింగ్ 0.2 వోల్టుల దగ్గర ఉంటే జర్మేనియం, 0.6 దాటితే సిలికాన్. ముల్లు తిరిగే పాత మీటర్లలో ఓమ్‌ల స్థానంలో బ్యాటరీ ప్లస్ నల్ల తీగకు వస్తుంది కాబట్టి అక్కడ ఇదంతా తలకిందులు.

బేస్ దొరికింది. మిగిలిన రెండింటిలో ఎమిటర్ ఏది, కలెక్టర్ ఏది? నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే. పాఠ్యపుస్తకాల్లో ఎన్, పీ, ఎన్ అని మూడు గళ్లు పక్కపక్కన గీసి వదిలేస్తారు. ఆ బొమ్మ చూసిన విద్యార్థి రెండు చివరలూ ఒకటేనని అనుకోవడంలో తప్పేముంది? తప్పు బొమ్మది.

అసలు వస్తువు అలా ఉండదు. ఓసీ 71 వంటి పీఎన్‌పీ ట్రాన్సిస్టర్‌లో పల్చని ఎన్ రకం జర్మేనియం బిళ్లకు రెండు వైపులా ఇండియం పూసలు కరిగించి అతికిస్తారు. ఎమిటర్ పూస చిన్నది, కలెక్టర్ పూస పెద్దది. ఎమిటర్ నుంచి బయలుదేరిన రంధ్రాలు (ప్లస్ ఆవేశంలా కదిలే ఎలక్ట్రాన్ ఖాళీలు) బేస్‌లో పక్కలకు చెదిరినా ఎదురుగా ఉన్న వెడల్పాటి కలెక్టర్ వాటిని పట్టుకుంటుంది. చెంబుతో గంగాళంలోకి నీళ్లు పోస్తే చుక్క కింద పడదు. గంగాళాన్ని చెంబులోకి వంచితే చాలా నీళ్లు నేలపాలు. ట్రాన్సిస్టర్‌ను తిరగేసి కలిపితే జరిగేదీ అదే: పెద్ద పూస నుంచి వచ్చిన రంధ్రాల్లో చాలా భాగం చిన్న పూసను చేరక బేస్‌లోనే ఎలక్ట్రాన్లతో కలిసి నశిస్తాయి. సిలికాన్‌లో దీనికి డోపింగ్, అంటే కావాలని మలినాలు కలపడం, కూడా తోడవుతుంది. ఎమిటర్‌లో మలినాల సాంద్రత బేస్‌లో కన్నా చాలా ఎక్కువ, కలెక్టర్‌లో తక్కువ. అందుకే సరైన దిశలో వందల్లో ఉండే వర్ధకత (బేస్ కరెంటుకు కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో చెప్పే అంకె) తిరగేస్తే తరచుగా ఒంటి అంకెకు పడిపోతుంది.

కాబట్టి మల్టీమీటర్‌లో వర్ధకతను కొలిచే హెచ్ఎఫ్ఈ సాకెట్‌లో బేస్‌ను దాని స్థానంలో ఉంచి మిగతా రెండు కాళ్లను రెండు విధాలా పెట్టి చూడండి. ఎక్కువ అంకె వచ్చిన అమరికే సరైనది. జర్మేనియమైతే వేళ్లతో పట్టుకోకండి. వేడికి లీకేజీ కరెంటు పెరిగి అంకె కదిలిపోతుంది.

ఆ సాకెట్ లేని మీటరైనా పర్వాలేదు. ఒకే కరెంటు చిన్న సంధి (పీ, ఎన్ పొరలు కలిసే చోటు) గుండా పోవాలంటే కొంచెం ఎక్కువ వోల్టేజీ కావాలి. సంధి వైశాల్యం రెట్టింపైతే, మిగతావన్నీ సమానమనుకుంటే, గది ఉష్ణోగ్రత వద్ద తేడా దాదాపు 18 మిల్లీవోల్టులు. అందువల్ల డయోడ్ పరీక్షలో బేస్‌తో కాస్త ఎక్కువ రీడింగ్ ఇచ్చే కాలు సాధారణంగా ఎమిటర్. సిలికాన్‌లో ఇంకో ఆనవాలు కూడా ఉంది: మలినాలు దట్టంగా ఉన్న ఎమిటర్ సంధి వ్యతిరేక వోల్టేజీకి త్వరగా లొంగిపోతుంది. బీసీ 107కు ఎమిటర్, బేస్ మధ్య అనుమతించిన గరిష్ఠం 6 వోల్టులు. కలెక్టర్, బేస్ మధ్య 50. 12 వోల్టుల సరఫరాను 10 కిలో ఓమ్‌ల నిరోధకం ద్వారా వ్యతిరేక దిశలో క్షణం పాటు ఇస్తే ఎమిటర్ సంధి వద్ద వోల్టేజీ సగం దారిలో ఆగిపోతుంది, కలెక్టర్ వద్ద పూర్తిగా నిలబడుతుంది. ఎక్కువసేపు ఉంచితే వర్ధకత దెబ్బతింటుంది.

నాలుగు కాళ్లు కనిపిస్తే కంగారు వద్దు. ఏఎఫ్ 117 వంటి వాటిలో మిగతా మూడింటికి ఎడంగా ఉన్నది కలెక్టర్. ఆ మూడింటిలో ఒకటి లోహపు తొడుగుకు కలిపిన కవచం కాలు. ఏళ్లు గడిచాక ఈ తొడుగు లోపల సన్నని తగరపు వెంట్రుకలు మొలిచి ఎలక్ట్రోడ్లను తొడుగుకు తాకిస్తాయి. బేస్ ఏదో తేలకుండా మీటర్ అన్ని కాళ్ల మధ్యా రీడింగ్ చూపిస్తుంటే ముందు ఇదే అనుమానించండి. రేడియోలో ఉండగానే కవచం కాలును కత్తిరిస్తే చాలాసార్లు ఆ ట్రాన్సిస్టర్ మళ్లీ పనిచేస్తుంది.