పెన్సిలిన్ ఒక్క రోజులో పుట్టలేదు: యాంటీబయోటిక్స్‌పై అపోహలు - వాస్తవాలు

ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. రోగుల బంధువుల నుంచి, విద్యార్థుల నుంచి తరచూ వినే కొన్ని మాటలకు ఇవి నా జవాబులు.

అపోహ: శాస్త్రవేత్త ఫ్లెమింగ్ బూజును చూశారు, పెన్సిలిన్ మందు దొరికింది.

వాస్తవం: 1928 సెప్టెంబరులో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఫ్లెమింగ్‌కు కనిపించింది మందు కాదు. స్టఫైలోకాకస్ అనే బ్యాక్టీరియాను పెంచుతున్న ప్లేటులో బూజు పడింది, దాని చుట్టూ క్రిములు కరిగిపోయాయి. ఆ బూజు రసంలోని పెన్సిలిన్ అనే పదార్థాన్ని వేరుచేయబోతే పాడైపోయేది. దాన్ని మందుగా మార్చిన వారు ఆక్స్‌ఫర్డ్‌లోని శాస్త్రవేత్తలు ఫ్లోరీ, చైన్, హీట్లీ. 1940 మే 25న ఎనిమిది చిట్టెలుకలకు ప్రాణాంతకమైన మోతాదులో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియాను ఎక్కించారు. తెల్లారేసరికి పెన్సిలిన్ ఇచ్చిన నాలుగు బతికి ఉన్నాయి, ఇవ్వని నాలుగు చనిపోయాయి.

బూజును పెంచడానికి పాత్రలు చాలక బెడ్‌పాన్లు కూడా వాడారు. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు ఈ మందు ఇస్తే జ్వరం దిగింది. నిల్వ అయిపోతుంటే ఆయన మూత్రం నుంచి పెన్సిలిన్‌ను వేరుచేసి మళ్లీ ఎక్కించారు. అదీ చాలలేదు, మార్చిలో ఆయన కన్నుమూశారు. 1945 నోబెల్ ఫ్లెమింగ్, ఫ్లోరీ, చైన్‌లకు దక్కింది. హీట్లీ పేరు విన్నవారే తక్కువ కావడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్‌ను యల్లాప్రగడ సుబ్బారావు ఒక్కరే కనిపెట్టారు.

వాస్తవం: మట్టి నమూనాలో ఆ మందును తయారుచేసే సూక్ష్మజీవిని పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్. 1948లో ప్రపంచానికి తెలిసిన , టెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ తరగతిలో మొదటిదైన ఈ మందు వెనుక లెడర్లీ మందుల సంస్థ పరిశోధనను నడిపించింది భీమవరంలో పుట్టిన సుబ్బారావు. ఆయన ఘనత చెప్పడానికి డగ్గర్ పేరు చెరిపేయనక్కరలేదు.

అపోహ: ఎక్కువగా వాడితే ఒంటికి మందు అలవాటైపోతుంది.

వాస్తవం: మారేది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. మందును తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి, ఆ జన్యువులను ఇతర బ్యాక్టీరియాకూ అందిస్తాయి. అందుకే ఎన్నడూ యాంటీబయోటిక్ వాడని మనిషికీ మొండి క్రిమి సోకవచ్చు. ఇది నిన్నమొన్నటి సంగతి కూడా కాదు. పెన్సిలిన్‌ను నాశనం చేసే ఎంజైము గురించి ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు అబ్రహాం, చైన్ 1940లోనే ప్రచురించారు. అప్పటికి ఆక్స్‌ఫర్డ్ మందు ఏ రోగికీ అందలేదు.

అపోహ: జలుబుకు యాంటీబయోటిక్ వేస్తే త్వరగా తగ్గుతుంది.

వాస్తవం: జలుబు, ఫ్లూ, డెంగీ వైరస్ జబ్బులు. వైరస్ మీద ఈ మందులు పనిచేయవు.

అపోహ: ముందు మాత్రలు వాడి చూద్దాం, తగ్గకపోతే కల్చర్ (నమూనాలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేయిద్దాం.

వాస్తవం: మందు పడ్డాక తీసిన మూత్రంలోనో రక్తంలోనో క్రిమి ఉన్నా, ల్యాబ్‌లో పెరగకపోవచ్చు. అప్పుడు ఏ మందు పనిచేస్తుందో మేం చెప్పలేం. క్రిమి పెరిగితే దాన్ని మరో ప్లేటు మీద పరిచి, రకరకాల మందులు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెడతాం. మరునాడు ప్రతి బిళ్ల చుట్టూ ఉన్న ఖాళీ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తాం. వలయం తగినంత వెడల్పు లేకపోతే, ఆ మందు ఎంత ఖరీదైనదైనా ఈ రోగికి పనికిరాదు. అందుకే డాక్టరు కల్చర్ రాస్తే మొదటి మోతాదుకు ముందే నమూనా ఇవ్వండి. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినడం) వంటి ప్రాణాపాయ స్థితిలో మాత్రం నమూనా ఆలస్యమైతే దాని కోసం మందు ఆపరు.