ఆమిష్‌లు: ప్రతి ‘వద్దు’కీ ఒక తేదీ ఉంది

1961 వసంతకాలం. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని న్యూ విల్మింగ్టన్ దగ్గర వాలంటైన్ బైలర్ అనే రైతు పొలం దున్నుకుంటున్నాడు. పన్ను అధికారులు వచ్చి నాగలికి కట్టిన గుర్రాల్లో మూడింటిని విప్పుకుని తోలుకుపోయారు, వేలం వేశారు. బాకీ 300 డాలర్ల పైచిలుకు. బైలర్ ఆమిష్, అంటే పాత కట్టుబాట్లతో బతికే ఒక క్రైస్తవ సంఘం మనిషి. ఆదాయపు పన్నును ఆమిష్‌లు అందరిలాగే కడతారు. బైలర్ కట్టనన్నది సోషల్ సెక్యూరిటీ, అంటే ముసలితనంలో ఇచ్చే పింఛను కోసం ప్రభుత్వం ముందే వసూలు చేసే సొమ్ము. మా పెద్దవాళ్లని మేమే చూసుకుంటాం, ఆ పింఛనూ వద్దు, ఆ కట్టుబడీ వద్దు అన్నాడాయన. దుక్కి రోజుల్లో రైతు గుర్రాల్ని పట్టుకుపోయారన్న వార్త దేశమంతా పాకి ప్రభుత్వమే తలవంచుకోవాల్సి వచ్చింది. 1965లో మెడికేర్ (ముసలివాళ్లకు ప్రభుత్వ వైద్య బీమా) చట్టంతో పాటే, సొంత పని చేసుకునే ఆమిష్‌లకు ఆ కట్టుబడి నుంచి మినహాయింపు ఇచ్చారు.

బయటివాళ్లకు ఆమిష్‌లంటే గుర్రపు బగ్గీ, మీసం లేని గడ్డం, కరెంటు లేని ఇల్లు. కాలం ఆగిపోయిన చోటని చూపించి అక్కడ పర్యాటక వ్యాపారం బాగానే సాగుతోంది. ఆ మాట నాకు సరిగా అనిపించదు. 1850లో ఆమిష్ రైతు బండీ పక్క పొలం రైతు బండీ ఒకటే, దీపమూ ఒకటే. తేడా ఆ తర్వాత వచ్చింది. ఒక్కో వస్తువు గుమ్మం దాకా వచ్చినప్పుడల్లా వీళ్లు కూర్చుని మాట్లాడుకుని కొన్నిటిని రానిచ్చారు, కొన్నిటిని ఆపేశారు. ఆపిన ప్రతిదానికీ చరిత్రలో ఒక తేదీ ఉంది.

మొదటి తేదీ 1525 జనవరి 21. స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో కొందరు యువకులు, పసితనంలో తమకిచ్చిన బాప్తిస్మం చెల్లదని, తెలిసి ఒప్పుకున్నదే బాప్తిస్మమని చెప్పి ఒకరికొకరు మళ్లీ ఇచ్చుకున్నారు. ఆ కాలంలో చర్చీ రాజ్యమూ ఒకటే. పుట్టిన ప్రతి బిడ్డా చర్చి లెక్కలోకి రావాల్సిందే. కాబట్టి ఇది మతధిక్కారమే కాదు, రాజద్రోహం కూడా అయింది. రెండేళ్లు తిరగకుండానే వాళ్లలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ని లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. ఆనబాప్టిస్టులని, అంటే మళ్లీ బాప్తిస్మం ఇచ్చేవాళ్లని, పేరు పెట్టి యూరప్ అంతటా వేటాడారు. లోకానికి దూరంగా ఉండాలి, కత్తి పట్టకూడదు, ఒట్టు వేయకూడదు అన్న నియమాలు 1527లో ష్లైట్‌హైమ్‌లో రాసుకున్నవి. ప్రాణభయంతో కొండల్లో తలదాచుకున్నవాళ్లకు లోకం నుంచి వేరుపడడం పెద్ద సిద్ధాంతమేమీ కాదు, అప్పటికే బతుకుతున్న బతుకు.

ఆ రోజుల కథ ఒకటి ఆమిష్ ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1569లో హాలండ్‌లో డిర్క్ విల్లెమ్స్ అనే ఖైదీ తప్పించుకుని గడ్డకట్టిన నీటి మీదుగా పరుగెత్తాడు. వెంటపడ్డవాడి కాళ్ల కింద మంచు విరిగి మునిగిపోతుంటే వెనక్కి వచ్చి పైకి లాగాడు. దొరికిపోయాడు, అతన్ని సజీవంగా దహనం చేశారు. 2006 అక్టోబరు 2న పెన్సిల్వేనియాలోని నికెల్ మైన్స్‌లో ఆమిష్ బడిలోకి ఒక వ్యక్తి తుపాకీతో జొరబడి పదిమంది ఆడపిల్లల్ని కాల్చాడు. అయిదుగురు చనిపోయారు, అతను తనను తాను కాల్చుకున్నాడు. ఆమిష్ పెద్దలు హంతకుడి కుటుంబాన్ని పలకరించడానికి వెళ్లారు, అతని అంత్యక్రియలకూ వెళ్లారు. అమెరికా నివ్వెరపోయింది. చిన్నప్పటి నుంచి డిర్క్ కథ విన్నవాళ్లకు తాము చేయాల్సిందేమిటో వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు.

ఈ ఆనబాప్టిస్టుల్లో ఎక్కువమందికి తర్వాత మెన్నో సైమన్స్ అనే డచ్ మతగురువు పేరు మీద మెనోనైట్లన్న పేరు వచ్చింది. ఆ పేరు మనకు కొత్త కాదు. మహబూబ్‌నగర్, జడ్చర్ల, గద్వాల, వనపర్తి వైపు ఎం.బి. చర్చి అంటారే, ఆ ఎం.బి. మెనోనైట్ బ్రదరెనే. 19వ శతాబ్దం చివర్లో రష్యా నుంచి, ఆ వెనకే అమెరికా నుంచి వచ్చిన మిషనరీలు నాటిన చర్చి అది. ఆమిష్‌లకు దాయాదులు. ఒకరు సముద్రాలు దాటి వచ్చి ఇక్కడ బళ్లూ ఆసుపత్రులూ కట్టారు. ఇంకొకరు పక్కింటివాణ్ని కూడా తమలో కలవమని పిలవరు.

ఆమిష్‌లు విడిపోయింది 1693లో, సహపంక్తి భోజనం దగ్గర. తప్పు చేసి చర్చి నుంచి వెలిపడ్డవాణ్ని ప్రభువు బల్ల (చర్చిలో అందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం) దగ్గరకు రానివ్వకపోతే చాలునా, ఇంట్లో భోజనం దగ్గర కూడా పక్కన కూర్చోనివ్వకూడదా? రెండోదే సరైనదని ఫ్రాన్స్‌లోని ఆల్సేస్ ప్రాంతపు పెద్ద యాకోబ్ అమ్మాన్ పట్టుబట్టాడు. స్విట్జర్లాండ్ పెద్ద హాన్స్ రైస్ట్ కాదన్నాడు. తర్వాత కొన్నేళ్లకు అమ్మాన్ పక్షం తొందరపడ్డామని ఒప్పుకుని రాజీకి వచ్చినా అతుకు పడలేదు. ఆమిష్ అన్న పేరు ఆయన నుంచి వచ్చిందే. వెలి అన్న మాట మనకు గుచ్చుకుంటుంది. మన దగ్గర అది పుట్టుకతో పడేది. వాళ్ల దగ్గర, పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకుని మాట తప్పినవాడికే పడుతుంది, తీసుకోకముందే వెళ్లిపోయినవాడికి వెలి లేదు. అయినా తల్లి చేతి వంట వేరే బల్ల మీద తినాల్సిన కొడుక్కి ఈ తేడా ఏం ఊరటనిస్తుందో నాకు తెలియదు.

1712లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ వీళ్లను ఆల్సేస్ నుంచి తరిమేశాడు. స్థాపకుడు విలియం పెన్ మతస్వేచ్ఛ ఇస్తానన్న పెన్సిల్వేనియాకు 18వ శతాబ్దంలో ఓడలెక్కారు. యూరప్‌లో మిగిలినవాళ్లు క్రమంగా మెనోనైట్లలో కలిసిపోయారు. అక్కడి చివరి సంఘం 1937లో పేరు వదులుకుంది.

ఈ రోజు మనం చూసే ఆమిష్ రూపం అమెరికాలోనే తయారైంది. 1862 నుంచి ఏటా పెద్దల సభలు జరిగాయి, కలిసి ఉందామనే. 1865 నాటికి పాత కట్టుబాటు వాళ్లు సభ వదిలి వెళ్లిపోయారు. వాళ్లే ఓల్డ్ ఆర్డర్ ఆమిష్‌లు. ఓర్ద్‌నుంగ్ అనే ఆ కట్టుబాటు చాలాచోట్ల కాగితం మీద ఉండదు. పాతిక ముప్ఫై కుటుంబాలకొక సంఘం, ఏ సంఘం కట్టుబాటు దానిది. ఏడాదికి రెండుసార్లు, ప్రభువు బల్లకు ముందు, అందరూ దానికి ఒప్పుకోవాలి.

1910 ప్రాంతంలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీలో ఫోను మీద తగువొచ్చి సంఘం చీలింది. ఇంట్లో ఫోనుంటే మనుషులు ఒకరి గుమ్మం ఒకరు తొక్కరన్నది పెద్దల భయం. రాజీగా నలుగురికీ కలిపి పొలం గట్టున ఒక చిన్న గదిలో ఫోను పెట్టుకునే పద్ధతి వచ్చింది. 1920 ప్రాంతంలో బయటి నుంచి ఇంట్లోకి కరెంటు తీగ రాకూడదన్నారు. బ్యాటరీ ఫర్వాలేదు, దానికి తీగ లేదు. కుట్టుమిషన్లూ వడ్రంగి రంపాలూ డీజిల్ ఇంజనుతో నింపిన గాలి ఒత్తిడితో తిప్పుకుంటారు. 1960ల చివర పాల కంపెనీలు చల్లబరిచే పెద్ద ట్యాంకులు ఉంటేనే పాలు కొంటామన్నాయి. డీజిల్‌తో చల్లబరుస్తాం, బ్యాటరీతో కలియబెడతాం, ఆదివారం మాత్రం లారీ రావద్దని బేరమాడి గెలిచారు.

బడి దగ్గర బేరం కుదరలేదు. ఒంటిగది బళ్లు మూసి పిల్లల్ని బస్సుల్లో పెద్ద బళ్లకు తరలించడం మొదలుపెట్టాక తండ్రులు జైళ్లకెళ్లారు. 1965లో అయోవాలో బస్సెక్కించడానికి వచ్చిన అధికారుల్ని చూసి పిల్లలు మొక్కజొన్న చేలోకి పరుగెత్తిన ఫొటో దేశమంతా చూసింది. విస్కాన్సిన్‌లో ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని బడికి పంపనందుకు ముగ్గురు తండ్రులకు తలా 5 డాలర్లు జరిమానా పడితే ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆమిష్‌లు కోర్టుకెక్కరు, వాళ్ల తరఫున పోరాడింది బయటివాళ్ల కమిటీ. ఎనిమిదో తరగతి తర్వాత బడికి పంపమని బలవంతం చేయకూడదని 1972లో తీర్పొచ్చింది. మరి పిల్లల ఇష్టమేమిటో ఎవరడిగారని జస్టిస్ డగ్లస్ తన పాక్షిక అసమ్మతిలో అడిగాడు. ఆ ప్రశ్న ఇంకా అలాగే ఉంది. బయటికి రావాలనుకున్న కుర్రాడికి చేతిలో ఎనిమిదో తరగతే ఉంటుంది.

1900లో ఆమిష్‌లు కొన్ని వేలమంది. ఇప్పుడు దాదాపు 4 లక్షలు, సుమారు ఇరవయ్యేళ్లకోసారి రెట్టింపు. అంతమందికి భూమి చాలదు. ఉత్తర ఇండియానాలో చాలామంది మగవాళ్లు క్యాంపింగ్ బళ్లు తయారుచేసే ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తున్నారు, కొందరు సైకిళ్ల మీద వెళ్లి వస్తారు. ఒహాయోలోని హోమ్స్ కౌంటీలో ఇప్పుడు సోలార్‌తో ఛార్జ్ చేసుకునే ఈ-బైకులు బగ్గీల పక్కన కనిపిస్తున్నాయి. లాంకాస్టర్‌లో మామూలు సైకిల్ కూడా వద్దంటారు. అక్కడ బడిపిల్లల దగ్గర నుంచి పెద్దల దాకా కాలితో తోసుకుంటూ పోయే స్కూటర్లే.