పదకొండింటిదాకా బయటున్న పాలు

చిన్నీ, నానీ,

నిన్న మీ ఫోను వచ్చేసరికి నేను పశువుల చావిట్లో ఉన్నాను, చేతులకి పేడ. సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పాలబ్బాయి ఆరింటికే క్యాను తలుపుకి తగిలించిపోయాడు, మీరు పదకొండింటికి చూసుకున్నారు. పాలు తెల్లగానే ఉన్నాయి, వాసన కూడా రావట్లేదు, కాచుకుని తాగొచ్చా తాతయ్యా అన్నారు. పారబోయండి అన్నాను. పక్కనుంచి మీ నాయనమ్మ "పాలు పారబోయమంటారేంటి, లక్ష్మి కదా!" అని నామీద లేచింది. మీకూ ఆవిడకీ కలిపి ఈ ఉత్తరం. ఆవిడ చదవదు, మీరే ఫోన్లో చదివి వినిపించండి.

నేను ఊళ్ళో పాల కేంద్రంలో చాలా ఏళ్ళు పనిచేశానని మీకు తెలుసు. మీ నాన్న చెప్పే ఉంటాడు, నా చొక్కాలన్నిటికీ చిల్లులుండేవని. వెన్న శాతం కొలవడానికి గాజు గొట్టంలో పాలూ గంధకామ్లమూ కలిపి తిప్పేవాళ్ళం, ఆ ఆమ్లం చుక్కలు పడ్డ చోటల్లా చిల్లే. అయితే అన్నిటికంటే ముందు చేసే పరీక్షకి ఏ ఆమ్లమూ అక్కర్లేదు. క్యాను మూత తీసి, పాల దగ్గర కాదు, ఆ మూత లోపలివైపు ముక్కు పెట్టేవాణ్ణి. పాల వాసనంతా మూతకి పట్టి ఉంటుంది. అనుమానం వస్తే పరీక్షనాళికలో చెంచాడు పాలు పోసి, మరిగే నీళ్ళలో అయిదు నిమిషాలు నిలబెట్టేవాణ్ణి. తీసి వెలుతురుకి ఎదురుగా పట్టి ఒంచితే, మంచి పాలు గాజు మీంచి నున్నగా జారిపోతాయి. చెడ్డ పాలైతే గోడకి ఆవగింజంత తెల్లటి పలుకులు అంటుకుంటాయి. అవి కనిపిస్తే ఆ క్యాను వెనక్కే. పోసిన రైతు నాకు బావ వరసైనా సరే.

ఒక మే నెలలో పాల లారీ దారిలో ఆగిపోయింది. పొద్దున్న ఏడింటికి ఎత్తాల్సిన క్యాన్లు పన్నెండింటికి ఎత్తారు. అప్పట్లో మా కేంద్రంలో పాలు చల్లబరిచే ట్యాంకు లేదు, గోనెపట్టాలు తడిపి క్యాన్ల మీద కప్పడమే మాకు తెలిసిన విద్య. లారీ వచ్చేలోగా ఒక్కో క్యానూ చూశాను. కంటికి అన్నీ ఒకేలా ఉన్నాయి. చాలావాటికి వాసనా లేదు. నాళికలు వేడినీళ్ళలో పెట్టాక సగానికి పైగా పలుకులే. మీరు తెల్లగా ఉన్నాయని చెప్పిన పాలు కూడా ఆ రకమే అయ్యుండాలి.

ఎందుకలా అవుతుందో చెప్తాను. పాలు పొదుగులోంచి వచ్చేటప్పుడు మన ఒంటికంటే ఒకింత ఎక్కువ వేడి, 38 డిగ్రీలు అటూ ఇటూ. చన్నుల మీది మట్టి, తోక విదిలింపు, పితికేవాడి చేయి, తపేలా మూల, అన్నిట్లోనూ సూక్ష్మజీవులే. ఎంత శుభ్రంగా పితికినా మిల్లీలీటరు పాలలో కొన్ని వేలుంటాయి. వెచ్చదనం, నీళ్ళు, చక్కెర, మాంసకృత్తులు అన్నీ ఒకే గిన్నెలో దొరికితే వాటికి అంతకన్నా పెళ్ళి విందు ఏముంటుంది? పాలకీ కొంత కాపలా లేకపోలేదు. తల్లి దూడ కోసం పాలలోనే పెట్టిన ఎంజైములు కొన్ని ఆ జీవుల్ని రెండు గంటలదాకా అణిచి ఉంచుతాయి. ఆ తర్వాత కాపలావాడు నిద్రపోతాడు. ఆ ఎండలో అరగంటకోసారి రెట్టింపవుతాయనుకోండి. నానీ, నీకు లెక్కలిష్టం కదా, వేసి చూడు. ఒక్కటి అయిదు గంటల్లో పది సార్లు రెట్టింపైతే 1,024. మొదట్లో ఉన్నవి వేలు కాబట్టి ఆ వేలని వెయ్యితో హెచ్చవేయాలి.

వాటిలో ఎక్కువ భాగం పాల చక్కెరని తిని పులుపు చేసే రకం. పులుపు కొంచెమే ఉంటే పచ్చిపాలు పాలలాగే ఉంటాయి. వేడి తగిలేసరికి కేసిన్ అనే మాంసకృత్తు ఆ పులుపుకి తట్టుకోలేక ముద్దలు కడుతుంది. విరిగాయంటాం. విరిగిన పాలు మనల్ని హెచ్చరించినట్టు, వాటి మీద నాకు కోపం లేదు. విరగని వాటితోనే నాకు పేచీ.

జబ్బు చేసే జీవుల్లో చాలా రకాలు పులుపూ చేయవు, కంపూ కొట్టవు. సాల్మొనెల్లా ఉన్న పాలు చూడ్డానికి మామూలు పాలే. బ్రూసెల్లా ఉన్నా అంతే. చూడి గేదె నెలలు నిండకుండా దూడని ఈసుకుపోతే అనుమానించాల్సిన జబ్బుల్లో అదొకటి. పచ్చిపాల ద్వారా మనిషికి అంటుకుంటే జ్వరం వస్తూ పోతూ నెలల తరబడి కీళ్ళు పీకేస్తాయి. మాల్టా ద్వీపంలో సైనికులకి అదే జ్వరం వస్తుంటే, 1887లో డేవిడ్ బ్రూస్ అనే వైద్యుడు ఆ జీవిని పట్టుకున్నాడు. అది అక్కడి మేకపాలలోంచి వస్తోందని తేలడానికి ఇంకో పద్దెనిమిదేళ్ళు పట్టింది. మన దేశంలో ఆడదూడలకి నాలుగో నెల నుంచి ఎనిమిదో నెల లోపు దీనికి టీకా వేసే కార్యక్రమం 2019లో మొదలుపెట్టారు. మన పెయ్యకి కూడా వేయించాను. చెవికి పోగు కుడితే తల విదిలించి నా కాలు తొక్కింది.

"కాస్తే అవన్నీ చచ్చిపోతాయి కదా" అంటారు. చస్తాయి. పొంగు వచ్చాక గరిటెతో కలుపుతూ ఇంకో రెండు మూడు నిమిషాలు మరగనిస్తే నేను పైన చెప్పిన రెండూ చస్తాయి. తాజా పాల విషయంలో అందుకే కాచడం కంటే మంచి మాట లేదు. అయిదారు గంటలు వెచ్చగా బయటున్న పాలకి మాత్రం ఆ ధీమా చాలదు. పొదుగువాపు ఉన్న గేదె పాలలోనూ, పితికేవాడి వేలి మీద పుండులోనూ స్టెఫైలోకాకస్ అనే జీవి ఉంటుంది. అది బాగా పెరిగితే పాలలోకి ఒక విషం వదులుతుంది. కాస్తే జీవి చస్తుంది, విషం చావదు. ఎంత మరిగించినా అలాగే ఉండి, తాగిన కొద్ది గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి.

ఇది నా భయం కాదు. 2000 మార్చిలో జపాన్‌లో, హొక్కైడోలోని ఒక పాలపొడి ఫ్యాక్టరీకి మూడు గంటలపాటు కరెంటు పోయింది. పాలు వెచ్చగా నిలిచిపోయాయి. తర్వాత వేడి చేసి పొడి చేశారు. జీవులు చచ్చాయి, అందుకని పొడి బాగానే ఉందనుకున్నారు. వేసవిలో ఒసాకా వైపు ఆ పొడి కలిపిన పాలు తాగి 13,000 మందికి పైగా వాంతులతో మంచమెక్కారు. అంత పెద్ద దేశంలో, అంత పెద్ద ఫ్యాక్టరీలో, కరెంటు పోయింది మూడే గంటలు. మీ క్యాను తలుపుకి వేలాడింది అయిదు గంటలు.

ఇంకో సంగతి, కాస్త సిగ్గుగా ఉన్నా చెప్తాను. వెనక్కి పంపిన క్యాను మరునాడు వంటసోడా వేసుకుని నా దగ్గరకే వచ్చేది. సోడా పులుపుని కప్పేస్తుంది, నాళికలో పలుకులు రావు. అప్పుడు రోజాలిక్ ఆమ్లం చుక్క వేస్తే పాలు గులాబీ రంగుకి తిరిగేవి. ఆ రంగు చూసి తల దించుకున్నవాళ్ళని చూశాను, నామీదకి లేచినవాళ్ళనీ చూశాను. గేదె మేత ధర తెలిసినవాణ్ణి కాబట్టి గట్టిగా ఏమీ అనలేకపోయేవాణ్ణి. క్యాను మాత్రం తీసుకోలేదు.

మీ నాయనమ్మ వాదన ఏంటంటే, వాళ్ళింట్లో ఫ్రిజ్ లేకుండానే మూడు పూటలా పాలు ఉండేవని. నిజమే. కానీ వాళ్ళమ్మ పాలని గోరువెచ్చగా వదిలేయలేదు. పెరట్లో దాలి ఉండేది. గుంటలో పిడకలు రాజేసి, మీద పాలకుండ పెడితే, పొద్దుటి నుంచి సాయంత్రందాకా చెయ్యి పెట్టలేనంత వేడి. పొంగదు, చల్లారదు. సాయంత్రానికి పాలు లేత ఎర్రగా తిరిగి, మీద అరచేతి మందాన మీగడ. ఆ వేడిలో ఏదీ పెరగలేదు. మీ ఫ్రిజ్ నాలుగు డిగ్రీల చలిలో త్వరగా పెరగనివ్వదు. గోరువెచ్చగా ఉంచడమే రెండిళ్ళలోనూ తప్పు. సాయంత్రం ఆ పాలు దించి, వేలు పెట్టగలిగేంత చల్లార్చి, తోడు వేసేవారు. తోడు అంటే మంచి జీవుల సైన్యం, కాచి ఖాళీ చేసిన ఊళ్ళోకి దించినట్టు. పచ్చిపాలు వాటంతటవే పులిస్తే ఏ సైన్యం గెలిచిందో చెప్పేవాళ్ళుండరు.

మేం గుమ్మపాలు తాగే పెరిగాం, ఏమైంది అని కూడా అంటుందామె. ఏమీ కానివాళ్ళమే కదా కూర్చుని ఈ మాట చెప్పుకునేది. మా చిన్నప్పుడు వాంతులైతే దిష్టి తగిలిందనేవారు, పాలని ఎవరూ అడగలేదు. డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్య కూడా అక్కడో ఫారంలో పచ్చిపాలు అమ్ముతున్నారని ముచ్చటపడ్డాడు. ఆ దేశంలోనే పచ్చిపాలని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అమ్మకూడదని 1987లో ఆపేశారు. 2024లో ఆ డల్లాస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలోనే ఆవుల పాలలో పక్షిజ్వరం (బర్డ్ ఫ్లూ) వైరస్ దొరికింది. కాచుకోరా అని వాడికి కూడా రాశాను.

మీ అమ్మ ప్యాకెట్ పాలకి మారదామంటోందట. మారండి, నాకేం అభ్యంతరం లేదు. అవి 72 డిగ్రీల్లో పదిహేను సెకన్లు కాచి చల్లార్చినవే, కానీ చలిలో ఉన్నంతసేపే మంచివి. మెట్ల మీద పడి ఉన్న ప్యాకెట్‌కీ ఎండ ఎండే. UHT అని రాసి ఉన్న కార్టన్‌లో వచ్చేవి వేరు, ఇంకా ఎక్కువ వేడిలో కాచి మూసినవి కాబట్టి విప్పేదాకా బయట ఉండొచ్చు, విప్పాక ఫ్రిజ్‌లోకే.

గేదెపాలే కావాలంటే మాత్రం క్యాను రాగానే కాచండి. కాచిన గిన్నెని చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, కాచిన దగ్గర్నించి రెండు గంటలు దాటనివ్వొద్దు. ఈ ఎండలకైతే గంట. రేపు పాలబ్బాయి వస్తే ఎన్నింటికి పితికావు బాబాయ్ అని అడుగు చిన్నీ. ఊరవతల నుంచి వస్తాడు కాబట్టి నాలుగింటికంటాడు. పచ్చిపాలు ఎన్ని గంటలు బయటున్నాయో లెక్కపెట్టడం అక్కణ్ణించి మొదలుపెట్టండి, మీ తలుపు దగ్గర్నించి కాదు.

ఉంటాను,
మీ తాతయ్య