వరద నిధులు ఏ పద్దులో ఉన్నాయి? కొన్ని అపోహలు - వాస్తవాలు

2024 వరదల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ కాలనీలు మునిగాయి కదా, ఆ వాగు పక్క కాలనీల వాళ్లు నన్ను ఎప్పుడు పిలిచినా ఇదే ప్రశ్న. "వరద నిధులు 1,036 కోట్లు వచ్చాయంట కదా సార్, మా కాలువకు గోడ ఎందుకు కట్టలేదు? ఎవరు తిన్నారు?" ఇరిగేషన్‌లో అంచనాలు వేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, నేనే తిన్నట్టు చూస్తారు.

అపోహ: వరద నిధులతో వరద రాకుండా గట్లు, గోడలు కడతారు.

వాస్తవం: కట్టరు. ఆ 1,036 కోట్లు 2024 అక్టోబరు 1న కేంద్రం 14 రాష్ట్రాలకు విడుదల చేసిన 5,858.60 కోట్లలో మన ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినవి. రాష్ట్ర విపత్తు స్పందన నిధి (ఎస్డీఆర్‌ఎఫ్)లో కేంద్రం వాటా, జాతీయ విపత్తు స్పందన నిధి (ఎన్డీఆర్‌ఎఫ్) నుంచి అడ్వాన్సు అన్నమాట. ఒక్క బుడమేరుకు కాదు, రాష్ట్రమంతటికీ. శిబిరాలు, పంట నష్టం, తక్షణ మరమ్మతులు దాని పని. ఆ మరమ్మతుల జాబితా ఎప్పుడైనా చదివారా? ఇసుక బస్తాలు, రాళ్లతో పూడ్చడం, గట్టులో ఎలుక బొరియలు మూయడం, కాలువలో చెత్త తీయడం. బుడమేరు మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి చూడండి, అలాంటివి పూడ్చడం తక్షణ మరమ్మతు. అదే గట్టు ఎత్తు పెంచాలన్నా, కాలువ వెడల్పు చేయాలన్నా పద్దు వేరు.

"మరి మిటిగేషన్ ఫండ్ ఉందిగా" అంటారు కాస్త చదువుకున్నవాళ్లు. ఉంది. 2021-26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం విపత్తు నిధిలో 20 శాతం ముందు జాగ్రత్త పనులకే పక్కన పెట్టింది. అవి స్థానికంగా, చిన్న స్థాయిలో చేసే పనులు. వరద కరకట్టలు, సముద్రపు గోడల్లాంటి పెద్ద పనులు మామూలు అభివృద్ధి పథకాల్లోంచే చేసుకోమని ఆ సంఘమే చెప్పింది. అంటే పెద్ద గట్టు కావాలంటే ప్రధానంగా రాష్ట్ర బడ్జెట్‌లోని ఇరిగేషన్ పద్దు చూడాలి. లేదంటే కేంద్ర జలశక్తి శాఖ వరద నిర్వహణ కార్యక్రమం. 2021-26 నిబంధనల ప్రకారం అందులోనూ మనలాంటి రాష్ట్రాలు 40 శాతం పెట్టుకోవాలి.

ఇదంతా ఆఫీసు గొడవ, మాకెందుకు అనుకోకండి. ఒక కాలనీ సంఘం వాళ్లు గ్రీవెన్సు పెట్టినప్పుడల్లా "వరద సాయం నిధుల నుంచి రక్షణ గోడ కట్టించండి" అనే రాశారు. నిబంధనల్లో లేదని కాగితం తిరిగొచ్చింది. మళ్లీ పెట్టారు. ఈలోగా ఇరిగేషన్ డివిజన్ నుంచి బడ్జెట్ ప్రతిపాదనలు వెళ్లిపోయాయి, వాటిలో ఆ కాలువ పేరే లేదు. ఇంకో వానాకాలం వచ్చిపడింది. అక్కడ బట్టలు కుట్టుకునే ఒకావిడ మబ్బు పడితే చాలు, మిషన్ పై వాటా వాళ్లింట్లో పెట్టించి వస్తుంది. ఆవిడతో పద్దుల సంగతి మాట్లాడటానికి నాకు నోరు రాలేదు. సంఘం పెద్దలకు మాత్రం గట్టిగానే పెట్టాను.

అర్జీ కలెక్టరేట్‌లో ఇవ్వండి, వద్దనను. ఒక కాపీ ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజినీరుకు (ఏఈ) ఇచ్చి రసీదు తీసుకోండి. ఊళ్లో డ్రైనేజీ అయితే మున్సిపల్ ఇంజినీరుకు ఇవ్వండి. ఏ కల్వర్టు దగ్గర, ఎంత ఎత్తున, ఎన్ని రోజులు నీళ్లు నిలిచాయో రాయండి. గోడ మీద మరక పోకముందే పెయింటుతో గీత గీసి, తేదీ వేసి ఫోటో తీయండి. అంచనా వేసేవాడు మొదట అడిగేది ఆ మట్టమే.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

జీవో వచ్చింది కాబట్టి డబ్బు వచ్చినట్టే? కాదు, అది పరిపాలనా అనుమతి. ఇంకా సాంకేతిక అనుమతి, టెండరు, భూసేకరణ, బిల్లులు ఉన్నాయి. జీవో చూసి కాలువ పక్కన స్థలం కొనేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

అంతా ఢిల్లీయే ఇస్తుంది? ఎస్డీఆర్‌ఎఫ్‌లోనే పాతిక శాతం మనది.

2024 వరద సాయం కింద ఇంటికి 25,000 తీసుకుంటే కాలువ పనికి కోత పడుతుంది? ఈ పుకారు ఎవరు పుట్టించారో! దానికీ దీనికీ సంబంధమే లేదు. భయపడి బ్యాంకు వివరాలివ్వడానికి వెనకాడినవాళ్లు ఉన్నారు పాపం.

గోడ కట్టాక ఇక ముంపు ఉండదు? 2024లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినా రిటైనింగ్ వాల్ కృష్ణా నది పక్కనున్న కృష్ణలంకను కాచింది. (ఎవరి హయాంలో కట్టారన్న కొట్లాట నాకొద్దు.) అదే వరదలో సింగ్‌నగర్ బుడమేరు నీళ్లకు మునిగింది. మీ కాలనీకి గోడ మంజూరైతే, లోపల పడిన వాన నీళ్లు బయటికి పోవడానికి తూములు, పంపులు అంచనాలో పెట్టారో లేదో టెండరు పిలవకముందే అడగండి.